మారినవి చూస్తే చాలదా వదినా

మా మరదలికి ఆఫీసులో ‘ఆగండమ్మ’ అని పేరు. ఆ పేరు పెట్టింది నేనే. పొద్దున్నే మనం గడపలో కాలు పెట్టామో లేదో, "ఒక్క నిమిషం ఆగండి, స్కాన్ నడుస్తోంది" అంటుంది. ఆ ఒక్క నిమిషం మధ్యాహ్నం భోజనాల దాకా సాగుతుంది. అలాంటి మనిషిని ఇంకేమని పిలుస్తారు చెప్పండి?

మరదలంటే మా తమ్ముడి భార్య. ఆఫీసంటే చూపులేని విద్యార్థుల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే లైబ్రరీ. ఒక పాత భవనంలో పై అంతస్తు మాది. లోపలి గది గోడలకి దుప్పట్లూ, కోడిగుడ్ల అట్టలూ అంటించి దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాం. నేను అందులో కూర్చుని చదువుతాను. నా గొంతు గురించి నేను చెప్పుకోకూడదు గానీ, బాగుంటుంది. పక్క గదిలో కంప్యూటర్లు, వాటి మధ్య మా మరదలు.

తను మేనమామ రిపేరు కొట్లో పెరిగింది. అక్షరాలు దిద్దకముందే స్క్రూలు విప్పడం వచ్చట. కాపురానికొచ్చిన కొత్తలో మా మిక్సీ గుర్రుమందని దాన్ని భోజనాల బల్ల మీద ముక్కలు ముక్కలుగా విప్పి పరిచింది. నేను ఒంటికాలి మీద లేచాను. "ఏమిటే ఇది, ఇల్లనుకున్నావా, కొట్టనుకున్నావా?" అంటే, "అరవండి వదినా, కానీ స్క్రూలు తొక్కకండి" అంది. నవ్వుతూనే అంది. నేను ఎంత గట్టిగా అరిస్తే తను అంత నెమ్మదిగా మాట్లాడుతుంది. నాకు ఒళ్లు మండేదే అక్కడ. మిక్సీ మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది. లైబ్రరీకి కంప్యూటర్లు చూసుకునే మనిషి కావాలన్నప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టింది కూడా నేనే.

తను చేరకముందు ఒకసారి వైరస్ వచ్చి అల్మారా నిండా పట్టేన్ని పుస్తకాలను మింగేసింది. వాటిని చదివినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు కూడా. అందుకని తను రాగానే యాంటీవైరస్ పెట్టింది. అది ఇరవైనాలుగు గంటలూ కాపలా కాసే ఏర్పాటు కూడా ఉందట గానీ, ఆ కాపలా నడుస్తుంటే మా ముసలి కంప్యూటర్లు రికార్డింగు చేయలేవు, మాట మధ్యలో ముక్కలు ఎగిరిపోతాయి. అందుకని కాపలా ఆపేసి, రోజుకొకసారి డిస్కంతా గాలించమని పెట్టింది. ఆఫీసు మూశాక గాలించుకోవచ్చుగా అంటారేమో. ఒకసారి వైర్లు కాలినప్పటి నుంచి మా కార్యదర్శి గారు తాళం వేసే ముందు మెయిన్ ఆపేస్తారు. కాబట్టి ఆ గాలింపేదో పొద్దున్నే, సరిగ్గా మేం పని మొదలుపెట్టే వేళకే.

ఏళ్ల తరబడి చదివిన పుస్తకాలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. ఒక్కో ఫైలు తెరవడం, వాసన చూడటం, మూయడం, ఇంకొకటి తెరవడం. నేను మైకు ముందు గొంతు సవరించుకుని టీ తాగేదాన్ని. మళ్లీ గొంతు సవరించుకుని మళ్లీ టీ. "చదివేదానికి కాదు, టీ తాగేదానికి పెట్టుకున్నారు నన్ను" అని తలుపులోంచి అరిస్తే, "ఇంకాస్త ఆగండి వదినా" అని అదే నెమ్మది.

ఇలా ఎన్నాళ్లు సాగేదో గానీ, లాయరమ్మ వచ్చింది. ఇంకా లాయరు కాలేదు, లా చివరి సంవత్సరం. పుట్టుకతోనే చూపు లేదు. తను చదవాల్సిన పుస్తకం కొత్త ముద్రణ అప్పుడే వచ్చింది, ఇటుక లావున ఉంది. పరీక్ష నెలాఖరున. ఆ పుస్తకం వినకుండా వెళ్తే పరీక్ష తప్పుతుంది, తప్పితే ఏడాది పోతుంది, దాంతోపాటు హాస్టల్లో గది కూడా పోతుంది. రోజూ సాయంత్రం ఫోను చేసేది. "ఎంతవరకు వచ్చిందండీ?" అని అడిగేది. "వస్తోందమ్మా" అనేదాన్ని. రోజుకి పది పేజీలు కూడా కదలడం లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

చివరికి కార్యదర్శి గారికే ఓపిక నశించింది. ఆయన ఎవరి మీదా గొంతు పెంచే మనిషి కాదు.

"ఆ స్కాన్ తీసి అవతల పారెయ్యమ్మా. ఆ పిల్ల పరీక్ష పోతే మనం ఉండి దేనికి?" అన్నారు.

"తీసేస్తే మనం పంపే పుస్తకంతో పాటు వైరస్ కూడా ఆ అమ్మాయి కంప్యూటర్లోకి వెళ్తుందండీ" అంది మా మరదలు. "తన నోట్సంతా అందులోనే ఉంది. పుస్తకం చేతిలో పెట్టి నోట్సు లాక్కున్నట్టే అవుతుంది."

ఆయన కాసేపు నుదురు రుద్దుకున్నారు. "అయితే పుస్తకం వేళకి ఇవ్వు, శుభ్రంగానూ ఇవ్వు. రెండూ కుదరకపోతే బయటి కంపెనీ వాళ్లని పిలుస్తాను. ఆ తర్వాత నన్ననుకుని లాభం లేదు" అని వెళ్లిపోయారు.

ఇంటికొచ్చాక తను అన్నం కెలికింది గానీ తినలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లో జరిగింది చెప్తాను. మా తమ్ముడి వాటా కింద, నా వాటా పైన, వంట మాత్రం ఇద్దరికీ ఒక్కటే. నాకో అలవాటుంది. పొయ్యి వెలిగించే ముందు స్టాండు మీదున్న గిన్నెలన్నీ దించి మళ్లీ కడుగుతాను. కడిగినవే. వాటి మీద ఏం పాకిందో ఎవరు చూశారు? తను పక్కన నిలబడి తుడుస్తోంది.

"వదినా, ఈ పెద్ద గిన్నె వాడి ఎన్నాళ్లయింది?"

"మొన్నెప్పుడో చుట్టాలొచ్చినప్పుడు."

"మరి రోజూ ఎందుకు కడుగుతున్నారు?"

"నా చేతులు, నా ఇష్టం. తుడవడానికి బద్ధకమైతే చెప్పు."

"బద్ధకం కాదు. వాడినవి కడిగితే సరిపోతుంది కదా, ఎవరూ ముట్టుకోనివి మళ్లీ..." అని ఆగిపోయింది. చేతిలో గుడ్డ అలాగే ఉంది. కళ్లు ఇంతింతయ్యాయి. "వదినా! ముట్టుకోనివి ఎందుకు చూడటం? మారినవి చూస్తే చాలదా వదినా?"

"గిన్నెలు మారడమేమిటే?"

"అబ్బా, గిన్నెలు కాదు!"

గుడ్డ నా భుజం మీద పడేసి, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు వేసుకుని పరిగెత్తింది. మా తమ్ముడు సగం గీసుకున్న గడ్డంతో బయటికొచ్చి, "ఏమైందక్కా, పోట్లాడుకున్నారా?" అన్నాడు. "లేదురా, నీ పెళ్లానికి ఏదో తోచింది. నా చెప్పుతో సహా పోయింది" అన్నాను.

నేను ఆఫీసుకి వెళ్లేసరికి తనకి పట్టపగ్గాల్లేవు. ఎప్పుడూ ఆచితూచి మాట్లాడే మనిషి, మాటకి మాట అడ్డం పడుతోంది. "ఒకసారి రికార్డు చేసిన పుస్తకం మళ్లీ మారదు వదినా. పోయినేడు చదివింది పోయినేడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. దాన్ని నిన్న చూశాం, మొన్న చూశాం, బాగానే ఉంది. ఎవరూ ముట్టుకోకుండా ఇవాళ ఎందుకు పాడవుతుంది? ప్రతి ఫైలు మీదా అది చివరిసారి ఎప్పుడు మారిందో తేదీ ఉంటుంది. నిన్నటి స్కాన్ తర్వాత మారినవి ఏవో ఏరి, వాటినే చూడమంటాను!"

"మిగతావి?"

"మిగతావి హాయిగా పడుకోనిద్దాం!"

మర్నాడు పొద్దున తను మీట నొక్కింది. నేను అలవాటు కొద్దీ టీకి నీళ్లు పెట్టాను. నీళ్లు ఇంకా కాగనే లేదు, పక్క గదిలోంచి కేక. "అయిపోయింది!"

"ఏమయిపోయిందే? కాలిపోయిందా?"

"స్కాన్! స్కాన్ అయిపోయింది వదినా!"

నమ్మలేదు. వెళ్లి చూశాను. నిజంగానే అయిపోయింది. నా చేతులు పట్టుకుని గిరగిరా తిప్పింది, ఈ వయసులో నన్ను! కార్యదర్శి గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారని కూడా చూసుకోలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "అయితే ఇంకా టీ ఎందుకు, చదవండి" అన్నారు.

చదివానండీ! పొద్దున్నే కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవలేదు. పుస్తకం మొదటి నుంచి నేను, చివరి నుంచి మా లెక్చరర్ గారు. ఆయన రిటైరైన లా లెక్చరరు, ఇంట్లోనే రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, తనే మా కంప్యూటర్లోకి ఎక్కించి వెళ్తారు. అధ్యాయాల మీద అధ్యాయాలు దూసుకుపోయాం. సాయంత్రం ఫోను వస్తే నేనే ముందు అందుకుని, "ఎంతవరకు వచ్చిందో అడుగమ్మా, అడుగు!" అనేదాన్ని. ఆ పిల్ల నవ్వేది.

ఆ సంబరం మీద ఒకరోజు పొద్దున నీళ్లు పోశాడు దేవుడు. డిస్కు తెరిస్తే పుస్తకాల ఫోల్డర్లన్నీ ఉన్నాయి గానీ, ప్రతిదాని మూలనా చిన్న బాణం గుర్తు. నొక్కితే ఏదీ తెరుచుకోలేదు. నా అధ్యాయాలు లేవు, లెక్చరర్ గారివి లేవు, ఏళ్లనాటివి ఏవీ లేవు. మా మరదలు "ఎవరూ ఏదీ ముట్టుకోకండి" అని పరిగెత్తి కంప్యూటర్ల మధ్యనున్న వైర్లన్నీ పీకేసింది.

కొంతసేపు వెతికి, లెక్చరర్ గారికి ఫోను చేసి పిలిపించింది. ఆయన పెన్‌డ్రైవ్‌ని విడిగా ఒక మూలనున్న పాత కంప్యూటర్లో పెట్టి చూసింది. వైరస్ అందులోనే ఉంది.

"కానీ నేను ఇది తెచ్చింది నిన్ననేనమ్మా" అన్నారాయన బిక్కమొహంతో. "నిన్న వచ్చినదాన్ని నీ స్కాన్ చూడాలి కదా?"

"మీరు తెచ్చింది నిన్ననేనండీ. కానీ ఈ వైరస్ ఫైలు మీద తేదీ ఎప్పుడో పాతది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేస్తే ఫైలు మీదున్న ఆ తేదీ మారదు, పాతదే వెంట వస్తుంది. పాతదే కదా అని నా స్కాన్ దాన్ని చూడనే లేదు."

నాకు కోపం ఆగలేదు. "కొంప ముంచావు కదే! ముందు ఇది ఆలోచించుకోవద్దూ?"

"నాకు తెలియదా వదినా ఆ సంగతి!" అని అరిచింది.

తను కోపంతో అరవడం నేను వినడం అదే మొదటిసారి. లెక్చరర్ గారు కుర్చీలో ఇంకాస్త కుంచించుకుపోయారు. తను ఆ తెర వైపే చూస్తూ కూర్చుంది. తనలో తను అనుకున్నట్టుగా, "నేను వయసు అడిగాను వదినా. నిన్న ఇక్కడున్నావా అని అడగాల్సింది" అంది.

"అర్థమయ్యేలా చెప్పు."

"మన వీధిలో కొత్తగా ఎవరో అద్దెకి దిగారనుకోండి. ముసలాయనే. ముసలాయన కదా, పాత మనిషే అనుకుంటామా? మనకి కొత్తే కదా. రోజూ స్కాన్ అవ్వగానే డిస్కులో ఏమేం ఉన్నాయో మొత్తం పేర్లు రాయించి పెడతాను. మర్నాడు ఆ పేర్లలో లేనిది ఏది కనపడినా, దాని తేదీ ఏదైనా సరే, చూడాల్సిందే. ఉన్నవాటిలో సైజు గానీ తేదీ గానీ తేడా వస్తే అదీ చూడాల్సిందే. పెన్‌డ్రైవ్‌లు ముందు ఈ మూల కంప్యూటర్లోకే!" చెప్తూ చెప్తూ లేచి నిలబడింది. మళ్లీ ఆ కళ్లు ఇంతింత.

"మరి మన పుస్తకాలో?" అని నేను మొత్తుకున్నాను.

పుస్తకాలు పోలేదు. ఆ వైరస్ వాటిని మింగలేదు, దాచేసి, వాటి పేర్లతో దొంగ బొమ్మలు నిలబెట్టింది, అంతే. తను వాటిని ఒక్కొక్కటీ బయటికి లాగి, డిస్కంతా మొదటి నుంచి చివరి దాకా గాలించి కడిగింది. అప్పుడే ఇంకో ఏర్పాటు కూడా చేసింది. ఇవాళ యాంటీవైరస్‌కి తెలియని వైరస్ రేపు తెలియవచ్చు కాబట్టి, సెలవు రోజున మాత్రం పాతవీ కొత్తవీ అన్నీ చూడాలంది. సెలవు రోజు మెయిన్ వేసి ఉంచాలంటే కార్యదర్శి గారు ఒప్పుకోరనుకున్నాం. ఆయన పేపరు చంకలో పెట్టుకుని తనే వచ్చి, వైర్ల పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

అన్నీ బాగుపడ్డాయి, రోజులు మాత్రం పోయాయి. మొదటి అధ్యాయాలు నావి ఉన్నాయి, చివరివి ఆయనవి ఉన్నాయి, మధ్యలో పెద్ద గుంత. నేను నిద్రాహారాలు మానేసి చదివినా అది పూడదు. ఆ సాయంత్రం లాయరమ్మకి నిజం చెప్పేశాను. "పర్లేదండీ, అయినంతవరకు ఇవ్వండి" అంది. గొంతు వణకలేదు. ఆ వణక్కపోవడమే నన్ను చంపేసింది. ఫోను పెట్టేసి ఏడ్చాను.

మా మరదలు నన్ను ఓదార్చలేదు. తెర మీద ఆ పేర్ల వరసలోకి వంగి చూస్తోంది. కొత్త పెన్‌డ్రైవ్ తెచ్చిన లెక్చరర్ గారు పక్కనే ఉన్నారు. "లెక్చరర్ గారూ, ఈ పుస్తకం పేరు ఇక్కడ ఇంకోసారి ఉందేమిటండీ?"

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. "అది పాత ముద్రణమ్మా. నేనే చదివాను, గొంతు బాగున్న రోజుల్లో."

"ఆ మధ్య అధ్యాయాలు అందులో ఉన్నాయా?"

"ఎందుకు లేవు, కానీ..." అని ఆయన ఆగారు. తర్వాత కుర్చీలోంచి దిగ్గున లేచారు. "అంతా మారలేదు! కొంతే మారింది! ఏవి మారాయో ముందుమాటలో వేశారు కూడా!"

"ముందుమాటని నమ్మనండీ. తేదీని నమ్మి ఒకసారి దెబ్బ తిన్నాను, చాలు. మీ పాత రికార్డింగు పెడతాను. కొత్త పుస్తకంలో వేలు పెట్టుకుని వెంట చూసుకుంటూ పోదాం. తేడా వచ్చిన చోట ఆపుదాం. ఆ ముక్క మాత్రమే వదిన మళ్లీ చదువుతారు."

నాకు ఎక్కడో చురుక్కుమంది. "అయితే సగానికి పైగా ఈయన గొంతేనా? మధ్యలో నేను అతుకులు వేయాలా?"

"ఆ అమ్మాయికి కావాల్సింది మీ గొంతు కాదు వదినా, చట్టం" అంది, ఎప్పటి నెమ్మదితోనే. కోపమొచ్చింది. నిజం కాబట్టి మింగేశాను.

ఇక చూడండి మా హడావుడి! స్పీకర్లోంచి లెక్చరర్ గారి పాత గొంతు వేగంగా పరిగెడుతోంది. నా వేలు కొత్త పుస్తకం లైన్ల మీద పరిగెడుతోంది. పక్కన ఆయనే పెన్సిలు పట్టుకుని నిలబడ్డారు. "మారింది!" అని నేను అరిస్తే మరదలు ఆపడం, ఆయన గీత గీయడం, మళ్లీ పరుగు. కార్యదర్శి గారు ఫోను పక్కన పెట్టి మరీ వచ్చి కూర్చున్నారు. పేజీలకి పేజీలు ఒక్క మాట తేడా లేకుండా పోతుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. ఇదంతా మళ్లీ చదవాలనే కదా ఇన్నాళ్లూ గింజుకున్నాను!

అప్పీళ్ల అధ్యాయం వచ్చింది. "ఇది మారలేదు, ముందుమాటలో దీని ఊసే లేదు, దాటేద్దాం" అన్నారు లెక్చరర్ గారు. "వద్దండీ, విందాం" అంది తను. స్పీకర్లో ఆయన గొంతు "అరవై రోజుల లోపు" అంది. నా వేలు కింద ‘ముప్పై’ అని ఉంది.

"మారింది!" అని గావుకేక పెట్టాను. "ముప్పై! ఇక్కడ ముప్పై ఉంది!"

లెక్చరర్ గారు పుస్తకం లాక్కుని చూశారు. "అప్పీలు గడువమ్మా ఇది. దీని మీద ప్రశ్న ఇవ్వని ఏడాది ఉండదు" అన్నారు. మా మరదలు కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా ఊపిరి వదిలింది.

మారిన ముక్కలన్నీ నేను చదివాను. తను వాటిని కోసి ఎక్కడికక్కడ అతికింది. పరీక్షకి ఇంకా సమయం ఉండగానే పుస్తకం పూర్తయింది. పోస్టులో పంపడానికి మనసొప్పక ఇద్దరం హాస్టలుకి వెళ్లాం.

చిన్న గది, ఒక మంచం, ఒక బల్ల, బల్ల మీద మాట్లాడే కంప్యూటరు. లాయరమ్మ మేమిచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టగానే దాని యాంటీవైరస్ మొదలైంది. మా మరదలు నా మోచేయి గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగాయి. కంప్యూటరు తన బండగొంతుతో "ముప్పు ఏదీ లేదు" అంది. అప్పుడు వదిలింది.

ఆ పిల్ల మొదటి అధ్యాయం పెట్టి వేగం పెంచింది. నా గొంతు పిట్టలా కిచకిచలాడింది. "అయ్యో, అలా ఉరికిస్తావేమిటమ్మా! ఎక్కడ ఎంతసేపు ఆగాలో చూసుకుని మరీ చదివాను!" అన్నాను. "నా చెవులు అలవాటు పడ్డాయండీ" అని నవ్వి, అప్పీళ్ల అధ్యాయానికి వెళ్లింది. లెక్చరర్ గారి గొంతు కాసేపు, మధ్యలో నా గొంతు. "ముప్పై రోజుల లోపు." ఆపింది. మళ్లీ వింది.

"అరవై కదండీ? నా నోట్సులో అరవై అని ఉంది."

"కాదమ్మా, మారింది" అంది మా మరదలు. "మొదటి ఫైలు తెరువు. ఎక్కడెక్కడ ఏం మారిందో అన్నీ వరసగా పెట్టాను. ముందు అవి విను."

ఆ పిల్ల వెంటనే చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తన నోట్సు తెరిచి, మేం అక్కడున్నామన్న సంగతే మర్చిపోయింది. తలుపు దగ్గరగా వేసి మెల్లగా బయటికొచ్చాం. మెట్ల మీద మా మరదలు నన్ను ఆపి, కళ్లు తుడుచుకుంటూ, "వినపడుతోందా వదినా, ఎలా దిద్దుకుంటోందో!" అంది. విన్నాను. తలుపు అవతల కీబోర్డు చప్పుడు టకటకా వస్తూనే ఉంది.